ఎర్ర పంపు గొట్టం

2024 అక్టోబరు 19, శనివారం

నా చేతిరాత బాగుండదు. కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సరిగా రాదు. మా ఊరి మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాను, ఆ తరవాత చేతికి పానా వచ్చింది. తప్పులుంటే క్షమించాలి. ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు.

నోటితో చెప్పలేని మనిషిని. భిలాయి ఉక్కు ప్లాంటు పంపుహౌసులో ముప్పై ఏడేళ్లు ఫిట్టరుగా చేశాను. ఆ మోతలో ఎవరూ మాట్లాడరు, చేతితో సైగ చేస్తే చాలు. ఆ పని నాకు సరిపోయింది. రిటైరయ్యాక ఇంట్లో కూడా అలాగే ఉన్నాను. ఇప్పుడు మాత్రం లోపల ఏదో తిరుగుతోంది. రాస్తే తగ్గుతుందేమో చూద్దాం.

నిన్న సాయంత్రం క్యాథరిన్ వచ్చి హెల్మెట్ అయినా తియ్యకుండా కుర్చీలో కూర్చుండిపోయింది. భుఖన్ సాహు అనే రైతు పొలంలో టమాటా మొక్కలు మెలికలు తిరిగిపోతున్నాయట.

క్యాథరిన్ మా ఆఖరి పిల్ల. వ్యవసాయం చదువు చదివింది. పురుగుమందుల కంపెనీలో ఏడేళ్లుగా చేస్తోంది. మొదట అమ్మకాలు ఒక్కటే, ఇప్పుడు అమ్మకాలు, పంటకు సలహా రెండూ. ధమ్‌ధా రోడ్డులో నలభై ఊళ్లు స్కూటీ మీద తిరుగుతుంది. అక్కడందరికీ ఆమె దీదీ, అంటే అక్క. వచ్చే నెల ఏరియా ఆగ్రానమీ మేనేజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. రాయపూర్ ఆఫీసులో ఆ కుర్చీలో ఇంతవరకు ఆడపిల్ల కూర్చోలేదు.

ఆమె మందు మంచిదని నోటితో చెప్పదు, డెమో చేసి చూపిస్తుంది. రైతు పొలంలో కొంత భాగానికి మందు కొట్టించి, పక్కన నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేస్తుంది. పోల్చి చూడ్డానికి వదిలిన ఆ సాళ్లను చెక్ ప్లాటు అంటుంది. మధ్యలో కర్ర పాతి బోర్డు కడుతుంది. పది రోజులకు చుట్టుపక్కల రైతులను పిలిచి మీరే చూసుకోండి అంటుంది. భుఖన్ పొలంలో పద్నాలుగో తారీకున అర ఎకరానికి తెగులు మందు కొట్టించింది. ఇరవై నాలుగున అరవైమంది రైతులు వచ్చి చూడాలి. వదిలేసిన నాలుగు సాళ్లు పచ్చగా ఉన్నాయట. మందు కొట్టిన అర ఎకరమే పోతోందట.

ఇంట్లో క్యాథరిన్ డెమోలకు వాడే స్ప్రే పంపులు రెండున్నాయి. ఎర్ర రంగుది వరిలో కలుపు మందుకు. పచ్చ రంగుది తెగులు మందుకు. ఆ రంగులు వేసింది నేనే. పని అయ్యాక కడిగేదీ నేనే.

శుభ్రంగానే కడిగాను.

అక్టోబరు 20, ఆదివారం

చర్చికి వెళ్లాను. పాస్టరుగారు ఏం చెప్పారో గుర్తు లేదు. మూడుసార్లు కడిగాను. సబ్బునీళ్లతో.

అక్టోబరు 21, సోమవారం

క్యాథరిన్ ఫోన్లో ఫోటోలు చూపించింది. ఆకులు సన్నగా, ఈనెలు దగ్గరకొచ్చి, కాళ్లు ముడుచుకున్న సాలీడులా ఉన్నాయి. కాండం అడ్డదిడ్డంగా వంగి ఉంది. నేను కళ్లజోడు పెట్టుకుని చూసి, తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.

ఇది తెగులు కాదంది. కలుపు మందు దెబ్బంది. వరిలో కొట్టే ఆ మందు టమాటాకు చుక్క తగిలినా ఇలాగే అవుతుందట. మొదట కొట్టిన సాళ్లలో ఎక్కువగా ఉంది, చివరి సాళ్లలో తక్కువగా ఉంది. అంటే పంపులో ఏదో మిగిలి ఉండి, కొట్టేకొద్దీ పలచబడిందని ఆమె అనుమానం.

"డాడీ, పచ్చ పంపు నువ్వే కడిగినావు కదా?"

"ఆఁ."

"అచ్ఛేసే కడిగినావా?"

"కడిగినాను."

అది అబద్ధం కాదు. పచ్చ పంపు కడిగాను. పచ్చ పంపులో కలుపు మందు ఎప్పుడూ పోయలేదు.

ఇక్కడ ఒకటి రాయాలి. రాయకపోతే ఈ పుస్తకం కొనడం దండగ.

పదమూడో తారీకు సాయంత్రం. దసరా మర్నాడు, పైగా ఆదివారం. క్యాథరిన్ పొలానికి సామాను సర్దుకుంటోంది. నేను పచ్చ పంపులో నీళ్లు పోసి కొట్టి చూస్తే గొట్టం మెడ దగ్గర చీలి నీళ్లు కారుతున్నాయి. దుకాణాలు మూసి ఉన్నాయి. పొద్దున్న ఆరింటికి అమ్మాయి వెళ్లాలి. ఎర్ర పంపు మూలన ఉంది, మళ్లీ వరి నాట్ల దాకా దానితో పని లేదు. దాని గొట్టం విప్పి, దాని రాడ్డుతో సహా, దీనికి బిగించాను.

ప్లాంటులో మేము చేసేది అదే. నిలిచిన పంపు నుంచి విప్పు, నడిచే పంపుకు బిగించు. స్టోరు నుంచి సామాను రావడానికి వారం పడుతుంది, నీళ్లు వారం ఆగవు. అలా చేసినందుకు మా ఫోర్‌మన్ నా భుజం తట్టేవాడు. అమ్మాయికి కూడా చెప్పలేదు. చెప్పేంత పెద్ద పనిగా అనిపించలేదు. చిన్న పని సద్దు లేకుండా చేస్తే గొప్ప అనుకున్నాను.

కడిగాను. మూడుసార్లు. వేడి సబ్బునీళ్లు. వాసన కూడా చూశాను. రబ్బరు వాసనే వచ్చింది.

రబ్బరు నూనె తాగుతుందని నాకు తెలుసు. ముప్పై ఏడేళ్లు వాషర్లు మార్చినవాడికి తెలియదా. ఆ కలుపు మందు నూనెలా ఉంటుంది.

కాదు. మూడుసార్లు కడిగాను.

అక్టోబరు 22, మంగళవారం

పవర్‌హౌస్ మార్కెట్‌కు వెళ్లి కొత్త గొట్టం, కొత్త రాడ్డు తెచ్చాను. పచ్చ పంపుకు బిగించాను. ఎర్ర పంపుది ఎర్ర పంపుకే పెట్టేశాను. చీలిన దాన్ని ముక్కలు చేసి చెత్తబండిలో వేశాను.

కొత్తది మరీ నల్లగా మెరుస్తోంది. పెరట్లో మట్టి తీసి రుద్దాను.

దాచడానికి కాదు. పంపు సిద్ధంగా ఉండాలి కదా.

అక్టోబరు 24, గురువారం

ఈరోజు జరగాల్సిన రైతుల సమావేశం రద్దు చేశారు. షామియానా వాళ్లకు క్యాథరిన్ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. మాట మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పదకొండింటికి గేటు చప్పుడైంది. భుఖన్. మోటారుసైకిలు మీద ధమ్‌ధా అవతల నుంచి మా ఖుర్సీపార్ దాకా, వెనక గోనెసంచి కట్టుకుని వచ్చాడు. క్యాథరిన్ అప్పటికే బయటికి వెళ్లిపోయింది. నేను తలుపు వెనక నిలబడిపోయాను. కర్ర తెచ్చాడేమో అనుకున్నాను.

సంచి విప్పి అరుగు మీద మొక్కలు పరిచాడు. వేళ్లకు ఇంకా మట్టి ఉంది. సులోచన టీ ఇచ్చి నన్నూ బయటికి పిలిచింది. నా భార్యకు హిందీ అంతంతమాత్రం, ఛత్తీస్‌గఢీ అసలు రాదు, అయినా ఎవరితోనైనా మాట్లాడేస్తుంది. పిల్లలెందరు, పొలమెంత అని తెలుగు కలిపి అడిగింది. ఇద్దరాడపిల్లలట, ఎకరం టమాటాట. అతనికి ముప్పై అయిదు ఉంటాయేమో. కోపంగా లేడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రోడ్డులో అందరూ దీదీ మందు కాల్చేసిందంటున్నారట. తాను మాత్రం అననివ్వడంలేదట. మూడేళ్ల క్రితం అతని పొలమంతా తెగులు పట్టినప్పుడు, ఏ మందూ కొనొద్దు, నీళ్లు ఆపు చాలు అని చెప్పిందట క్యాథరిన్. మందు అమ్మడానికి వచ్చిన మనిషి కొనొద్దని చెప్పడం అతను అప్పుడే చూశాడట.

తరవాత నా వైపు తిరిగాడు.

"కాకా, నువ్వు ప్లాంటు మనిషివి. మిషన్లు తెలిసినవాడివి. పంపులో ఏమై ఉంటుంది?"

అతను తన భాషలోనే అడిగాడు. నాకు బాగా అర్థమైంది. నా ఎడమ చెవి సరిగా వినపడదు. వినపడనట్టు ఆ చెవి అతని వైపు తిప్పాను.

అతను వెళ్లాక సులోచన, "పాపం, మంచోడు. మొక్కల్ని సూడండి, పిల్లల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టినాడు," అంది.

ఆ మొక్కలు నేనే తీసి పారేశాను. చేతికి గ్లవుజులు వేసుకున్నాను. ఎందుకో.

అక్టోబరు 26, శనివారం

కంపెనీ నుంచి ముగ్గురు పొలానికి వెళ్లి, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చారు. క్యాథరిన్ పైఅధికారి రమాకాంత్ గారు ముందు దిగారు. ఆయన చెడ్డవాడు కాదు. కిందటి క్రిస్మస్‌కు వచ్చి కేకు తిని, రెండో ముక్క అడిగి తీసుకున్నారు. ఈరోజు చెప్పులు విప్పి లోపలికి కూడా రాలేదు.

పచ్చ పంపు పరీక్షకు కావాలన్నారు. క్యాథరిన్ తెచ్చి ఇచ్చింది. ఒక కుర్రాయన గొట్టం పట్టుకుని వంచి చూశాడు. ఇలాగే ఉందా, ఏమైనా మార్చారా అని అడిగాడు. క్యాథరిన్ లేదంది. ఆమెకు తెలిసింది అదే. నేను వసారాలో సైకిలు చక్రం గాలి చూస్తున్నాను. ఆ సైకిలు తొక్కి రెండేళ్లయింది.

పంపు మీద చీటీ అంటించి, సంచిలో పెట్టి, సీలు వేసి తీసుకుపోయారు.

నాకు అప్పుడే అరవాలనిపించింది. అది కాదు, మూలన ఉన్నది చూడండి అని. నోరు తెరిచాను కూడా. రమాకాంత్ గారు నా వైపు చూసి నమస్తే అంకుల్ అన్నారు. నమస్తే అన్నాను.

అక్టోబరు 28, సోమవారం

మార్కెట్‌లో ఆరు టమాటా మొక్కలు కొన్నాను. చిన్న కుండీల్లో ఉన్నాయి, జానెడు ఎత్తు. డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక పెట్టాను. అటు ఎవరూ రారు.

మూడు మొక్కల మీద ఎర్ర పంపు గొట్టంలోంచి ఉత్త నీళ్లు కొట్టాను. మిగతా మూడింటి మీద చెంబుతో చల్లాను. మధ్యలో ఇటుక పెట్టాను. క్యాథరిన్ చేసే పద్ధతే.

ఏమీ కాదు. ఏమీ కాలేదని చూసుకుని ఈ పుస్తకం మూసేస్తాను.

అక్టోబరు 29

ఏమీ కాలేదు.

అక్టోబరు 30

ఏమీ కాలేదు. ఆరూ ఒకలాగే ఉన్నాయి. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. సులోచన చూసి నవ్వింది.

అక్టోబరు 31, గురువారం

దీపావళి. వీధంతా టపాసులు. పొద్దున్న వెళ్లి చూస్తే ఇటుకకు ఇవతల ఉన్న, గొట్టంతో కొట్టిన మూడూ తలలు వంచి ఉన్నాయి. లేత ఆకు కొస కిందికి చుట్టుకుంది.

పొగ వల్ల కావచ్చు.

పొగ అయితే ఆరింటికీ తగలాలి.

నవంబరు 1, శుక్రవారం

గోడ పక్కన వేడి ఎక్కువని మొక్కల చోటు మార్చాను. అవి ఇటు, ఇవి అటు. నీడలోకి వచ్చినవి కోలుకుంటాయి.

నవంబరు 2, శనివారం

కోలుకోలేదు. నీడలో కూడా మెలి తిరిగాయి. ఎండలోకి వెళ్లిన మూడూ నిలబడే ఉన్నాయి. ఒకదానికి చిన్న మొగ్గ వచ్చింది.

నవంబరు 3, ఆదివారం

చర్చి నుంచి రాగానే క్యాథరిన్‌కు ఫోన్ వచ్చింది. రమాకాంత్ గారు. ఆమె స్పీకర్ పెట్టి మాట్లాడింది, అందుకని మేమూ విన్నాం.

పంపు శుభ్రంగా ఉందట. అందులోంచి నీళ్లు మొక్కల మీద కొట్టి చూస్తే ఏమీ కాలేదట. మందు డబ్బా కూడా బాగానే ఉందట, అదే డబ్బాల మందు పది ఊళ్లలో కొట్టారు. ఇక మిగిలింది రైతు. నీళ్లు కలిపిన డ్రమ్ము భుఖన్‌దే. వరికి కలుపు మందు కలిపిన డ్రమ్మునే వాడి ఉంటాడు, లేకపోతే పరిహారం కోసం తానే కొట్టుకుని ఉంటాడు. రిపోర్టు ఆ విధంగా తయారైంది. బుధవారం రాయపూర్ వచ్చి సంతకం పెట్టు, ఇంటర్వ్యూ పదిహేనున ఉంటుంది, మనసు దాని మీద పెట్టు అని మెత్తగానే చెప్పారు.

క్యాథరిన్ ఆ డ్రమ్ము తాను చూశానంది. కొత్త డ్రమ్ము, తన ముందే కడిగారంది.

"బేటా, పంపు నీది. డ్రమ్ము వాడిది. రెంటిలో ఒకటి చెప్పు," అన్నారు ఆయన.

గొట్టం మీద నేను రుద్దిన మట్టి గుర్తొచ్చింది. ఆ మట్టి భుఖన్ నెత్తిన పడింది.

నవంబరు 4, సోమవారం

నిజం రాయాలి. నిన్న ఫోన్ పెట్టగానే మొదట నాకు సంతోషం వేసింది. అమ్మాయి బయటపడింది అనుకున్నాను. ఆ సంతోషం ఎంతసేపుందో చెప్పలేను, చేతిలో నీళ్లు నిలిచినంతసేపు ఉందేమో. కాని ఉంది.

ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అననుగాక అనను.

క్యాథరిన్ అన్నం ముందు కూర్చుని చెప్పింది. సంతకం పెడితే ఆ రోడ్డులో ఏ దుకాణంవాడూ భుఖన్‌కు అరువు మీద విత్తనం ఇవ్వడు. మోసం చేసే రైతని పేరు పడుతుంది. పెట్టకపోతే పంపు చూడకుండా డెమో చేసిందని తన ఉద్యోగం పోతుంది. పంపు తానే చూశానని కాగితం మీద రాసిచ్చింది కదా.

"నువ్వు సూళ్ళేదేటి మరి?" అంది సులోచన.

"డాడీ సూసినాడని సూళ్ళేదు."

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. కంచంలో అన్నం అలాగే ఉంది.

నవంబరు 5, మంగళవారం

ఎవరి ఫోన్ మోగినా లేచి నిలబడుతున్నాను. పక్కింటి వాళ్లది మోగినా.

చెప్పాలి. చెప్తే పిల్ల ఉద్యోగం పోతుంది. ఏడేళ్లు ఎండలో తిరిగింది. మొదటి ఏడాది దుకాణాలవాళ్లు, మందు అమ్మడానికి ఆడపిల్లను పంపారేటని నవ్వేవారు. ఇంటికొచ్చి ఏడ్చి, పొద్దున్నే మళ్లీ వెళ్లేది. నేను స్కూటీ బ్రేకులు బిగించి పెట్టేవాణ్ణి. అంతకన్న ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు.

చెప్పకపోతే ఇద్దరాడపిల్లల తండ్రి దొంగ అవుతాడు.

సులోచన నన్ను పట్టుకుంది. "ఏటండీ, ఏటయ్యింది మీకు? డాబా మీదకి పదిసార్లు ఎందుకు ఎక్కుతున్నారు? కాళ్లనొప్పులన్నారు కదా."

ట్యాంకు కారుతోందన్నాను.

"ఫిట్టరు ఇంట్లో ట్యాంకు కారడమేటి," అని నవ్వి వెళ్లిపోయింది. మెట్ల వైపు ఒకసారి చూసింది.

నవంబరు 6, బుధవారం

క్యాథరిన్ ఏడింటికి వెళ్లాలి. ఆరింటికి నేను డాబా ఎక్కాను. రెండు చేతులతో రెండేసి కుండీలు, మూడుసార్లు దిగాను. వంటింటి బల్ల మీద ఆరూ పెట్టాను. మధ్యలో ఇటుక పెట్టడం కూడా మరిచిపోలేదు. మాట రాదు, కనీసం అవి చెప్తాయనుకున్నాను.

ఆమె తల దువ్వుకుంటూ వచ్చింది. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

వంగి ఒక మొక్క ఆకు తిప్పి చూసింది. ఇంకోటి చూసింది. నన్ను చూడలేదు.

"కొట్టింది ఏవైపు?"

చూపించాను.

"ఎన్ని రోజులు?"

"మూడో రోజుకి వంగినాయి."

"ఏటి కొట్టినావు?"

"ఉత్త నీళ్లు."

"ఏ పంపుతో, డాడీ?"

ఎర్ర పంపు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. గొట్టం మీద చెయ్యి వేసి, పచ్చ పంపుకు, మళ్లీ వెనక్కి, అని వేలితో సైగ చేశాను. పంపుహౌసులో చేసినట్టు.

ఆమెకు అర్థమైంది. కుర్చీలో కూర్చుంది. సులోచన పొయ్యి దగ్గర నుంచి మమ్మల్నిద్దర్నీ చూస్తోంది.

"నేను అడిగినాను కదా. అడిగినానా లేదా?"

"అడిగినావు."

"అప్పుడెందుకు సెప్పలేదు?"

"భయమేసింది, తల్లీ."

"నాకు భయం ఎయ్యదేటి?" అంది. అరవలేదు. "పదిహేను రోజులు నాకు నిద్దర లేదు. నేనే ఏదో తప్పు కలిపినానేమో అని నా లెక్క నేను వందసార్లు సూసుకున్నాను."

సంతకం పెట్టెయ్యమని ఒక మాట నాలుక చివర దాకా వచ్చింది. అది బయటికి రాలేదు, అందుకు దేవుడికి స్తోత్రం.

ఆమె ఆరు మొక్కలకూ ఫోటోలు తీసింది. గొట్టాన్ని సంచిలో పెట్టి మూతి కట్టింది. తిరిగిన మొక్క ఒకటి, తిరగనిది ఒకటి పట్టుకుని రాయపూర్ వెళ్లింది. టిఫిను తినలేదు. వెళ్తూ నాతో మాట్లాడలేదు.

నవంబరు 7, గురువారం

ఇంకా మాట్లాడలేదు.

నవంబరు 8, శుక్రవారం

సులోచన చెప్పింది. క్యాథరిన్ సంతకం పెట్టలేదట. రమాకాంత్ గారు మొక్కలు చూసి తల పట్టుకున్నారట. ముసలాయన నీ ఉద్యోగం కాపాడ్డానికో రైతును కాపాడ్డానికో ఇంట్లో నాటకం ఆడి ఉంటాడని పైవాళ్లు అంటే నేనేం చెప్పను అన్నారట. హైదరాబాద్ పెద్దాఫీసుకు రాశారు. అక్కడి నుంచి తేలేదాకా క్యాథరిన్ ఇంట్లోనే ఉండాలి. పొలాలకు వెళ్లకూడదు. రైతులతో మాట్లాడకూడదు. పదిహేనో తారీకు ఇంటర్వ్యూ లేదు.

సులోచన నన్ను తిట్టలేదు. "మీ మౌనం మంచితనమనుకున్నాను ఇన్నాళ్లూ," అంది. అంతే.

నవంబరు 9, శనివారం

భుఖన్ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లాను. దుర్గ్‌లో బస్సు మారి, రోడ్డు మీద దిగి నడిచాను. దారిలో అనాల్సిన మాటలు హిందీలో మనసులో చెప్పుకున్నాను. పొలం గట్టు మీద అతన్ని చూడగానే అన్నీ పోయాయి.

అర ఎకరం పీకేసి ఉంది. కర్రలు, తీగెలు మాత్రం నిలబడి ఉన్నాయి. క్యాథరిన్ బోర్డు ఇంకా ఉంది.

నేను చెప్పిందేమిటో నాకే సరిగా గుర్తు లేదు. పైపు నాది, తప్పు నాది, దీదీకి తెలియదు, అన్నాను. అవే మాటలు మూడుసార్లు అన్నట్టున్నాను. అతను విన్నాడు. బీడీ తీశాడు, వెలిగించలేదు. ఆ రోజు వచ్చినప్పుడు నీకు తెలుసా కాకా అని అడిగాడు.

తెలుసన్నాను.

ఆ మాటకు అతను బీడీని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. కొడతాడేమోనన్న భయం అప్పుడు పోయింది. కొడితే బాగుండుననిపించింది. కంపెనీ వాళ్ల మాట పాకి ఊళ్లో తనను దొంగ అంటున్నారనీ, పెద్దపిల్ల బడికి వెళ్లనంటోందనీ చెప్పాడు. ఈ మాట ఊళ్లో వాళ్ల ముందు చెప్తావా అని అడిగాడు. చెప్తానన్నాను. టీ దుకాణం దగ్గరికి తీసుకెళ్లాడు. పదిమంది ఉన్నారు. నా జీవితంలో పదిమంది ముందు నేను మాట్లాడలేదు. చెప్పాను.

ఒకాయన, ముసలోడు తెలివైనవాడే, పంపుకు పంపు కలిపాడు అన్నాడు. అందరూ నవ్వారు. భుఖన్ నవ్వలేదు.

బస్సు ఎక్కించడానికి మోటారుసైకిలు మీద రోడ్డు దాకా తెచ్చాడు. "మా ఇంటికి ఎప్పుడైనా రా కాకా. నా పంపు మాత్రం ముట్టుకోకు," అన్నాడు. నవ్వుతున్నాడో లేదో చీకటి పడలేదు కాబట్టి చూడగలిగేవాణ్ణే. చూడలేదు.

నవంబరు 16, శనివారం

క్యాథరిన్ నా గదిలోకి వచ్చింది. పది రోజుల తరవాత. హైదరాబాద్ వాళ్లు నా వాంగ్మూలం అడుగుతున్నారంది. ఏ రోజు గొట్టం మార్చాను, ఏ రోజు తిరిగి పెట్టాను, ఏ రోజు నీళ్లు కొట్టాను, తారీకులతో. తారీకులు తనకు తెలియవు. నాకు గుర్తున్నాయా అని అడిగింది.

దిండు కింద నుంచి ఈ పుస్తకం తీసి ఇచ్చాను.

తను తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. మంచం చివర కూర్చుని మొదలుపెట్టింది. నేను గోడ వైపు తిరిగాను. మధ్యలో ఒకసారి ఆగింది. ఏ పేజీ దగ్గర ఆగిందో నాకు తెలుసు. నాలుగో తారీకుది.

అంతా అయ్యాక కొన్ని పేజీలు చింపేసి మిగతాది పంపుదామన్నాను. అబద్ధాలున్న పేజీలు, చేతకానివాడిలా కనపడే పేజీలు.

"చింపితే చెక్ ప్లాటు పీకేసినట్టే డాడీ. ఉండనీ," అంది. వెళ్తూ నా దుప్పటి కాళ్ల మీదకు లాగింది.

నవంబరు 18, సోమవారం

హైదరాబాద్ ఆఫీసులో ఇది చదివే మేడమ్ గారికి,

ఈ పుస్తకం రేపు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాం. ఇంగ్లీషులో రాయించమన్నారు, క్యాథరిన్ రాయనంది. తాను రాస్తే తాను మార్చిందంటారట. మీరు తెలుగువారేనని తెలిసింది, అందుకని ఉన్నది ఉన్నట్టే పంపుతున్నాం.

గొట్టం రమాకాంత్ గారి దగ్గరుంది. దానితో మీరు కూడా మొక్కల మీద నీళ్లు కొట్టి చూడండి. ఇక్కడి మొక్కలు నేను పెంచినవి కాబట్టి నమ్మకపోతే మీ ఊరి మొక్కల మీద కొట్టండి. మూడు రోజులు చాలు.

తప్పు నాది. పంపు చూసుకోకుండా తీసుకెళ్లడం అమ్మాయి తప్పు అంటే, తండ్రి కడిగిన పంపును ఏ పిల్ల చూస్తుంది? అది తప్పు అయితే మీ ఇష్టం. భుఖన్ సాహు మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు. అతని పేరు మీ కాగితాల్లో ఎక్కడ రాసి ఉంటే అక్కడ కొట్టేయండి. అది ముందు చెయ్యండి. అమ్మాయి సంగతి తరవాత చూడండి. ఈ వరస అమ్మాయే రాయమంది.

ఇంకొక సంగతి. భుఖన్ పీకేసిన చోట కొత్త నారు తెచ్చి నాటాడు. నిన్నటి నుంచి కింది ఆకుల మీద మచ్చలు వస్తున్నాయని ఫోన్లో ఫోటోలు పంపాడు. పొద్దున్న నుంచి క్యాథరిన్‌కు ఫోన్ చేస్తున్నాడు. మీరు మాట్లాడొద్దన్నారు కాబట్టి తను ఎత్తడం లేదు. ఫోన్ మోగుతుంటే బల్ల మీద దాన్ని చూస్తూ నిలబడుతుంది. ఈరోజు నాలుగుసార్లు మోగింది. ఏ మందు కొట్టాలో తనకు తెలుసు. అతను ఇంకెవర్నీ అడగడు.

మొక్క ఆగదు మేడమ్. జవాబు తొందరగా రాయండి.

కొర్నేలి
ఖుర్సీపార్, భిలాయి